రొయ్యల గొట్టం కాజాకి ఎన్ని మార్కులు

“అద్భుతం” అన్నాడు గాజుగదిలో కూర్చున్న పెద్దమనిషి, నోట్లో ముద్ద ఇంకా మింగకుండానే.

గోడమీది మీటరు పంతొమ్మిది అంది.

వందకి పంతొమ్మిది. డాక్టర్ హైమవతి ఆ అంకె రాసుకుని, ఆయన చెవి కింద అంటించిన బిళ్ల ఊడదీసి, ఇక వెళ్లొచ్చని చెప్పింది. ఆయన పోతూ పోతూ గుమ్మం దగ్గర నిలబడ్డ నూకరాజు చెయ్యి పట్టుకుని, ఇలాంటిది జన్మలో తినలేదండీ అని మరీ వెళ్లాడు. ఆ ఒక్కమాట మాత్రం నిజమే. గొట్టం కాజా అందరూ తిన్నదే, కొరికితే లోపలి పాకం గడ్డం మీదికి కారేది. ఆ గొట్టంలోంచి సగం పాకం తీసేసి, ఆ చోట ఘాటుగా రొయ్యల వేపుడు కూరిన మనిషి ప్రపంచం మొత్తంమీద నూకరాజు ఒక్కడే.

ఈ మీటరు సంగతి కాస్త చెప్పుకోవాలి. ఎవరైనా ఉసిరికాయ పచ్చడి జాడీ మూత తీస్తే, మనం పక్కగదిలో ఉన్నా చెవి కింద దవడ మలుపులో జివ్వుమంటుంది చూడండి, అక్కడే లాలాజలం ఊరే గ్రంథి ఒకటుంటుంది. పులుపుకి ఊరే నీరు వేరు, ఇష్టానికి ఊరే నీరు వేరు. ఆ రెండిటినీ విడదీసి పట్టుకోవడానికి హైమవతికి పదకొండేళ్లు పట్టింది. చివరికి సెన్సర్‌ని బొట్టుబిళ్లంత చేసి చెవి కింద అంటించింది. అది నిమిష నిమిషానికీ గ్రంథిని కనిపెట్టుకుని ఉండి, తెరమీద గీత గీసి, ఆఖర్న వందకి ఇన్ని అని సగటు చెబుతుంది. మొహం నవ్వగలదు, నోరు పొగడగలదు, ఆ గ్రంథికి మాత్రం మొహమాటం అంటే ఏమిటో తెలియదు.

హైమవతికీ తెలియదు. సొంత మేనత్త గృహప్రవేశంలో పరమాన్నం ఎలా ఉందే అని అడిగితే, అడుగంటిందత్తా, పైగా దాచడానికి పచ్చకర్పూరం దండిగా వేశారు అని పంక్తిలో అందరూ వినేలా చెప్పిన మనిషి. తెలుగువాళ్లు ఏం పెట్టినా బాగుంది అంటారని, ఆ బాగుంది వల్లే మన వంట ఎదగడం లేదని ఆమె కోపం. ఆ కోపంలోంచే రుచిమీటరు పుట్టింది.

కొత్తరేవు నగరానికి అది భలే పనికొచ్చింది. రెండువేల యాభై ఎనిమిది నాటికి ఆ సముద్రపొడ్డున ఇరవై నాలుగు ఫుడ్ ట్రక్కులు నిలిచేవి. తాటిబెల్లం మోమోలొకరివి, చేమదుంప నూడుల్స్ ఒకరివి. ఒడ్డున చోటు కావాలంటే ఇంకెక్కడా దొరకని వంటకం ఒకటి ఉండి తీరాలి, దానికి మీటరు మీద అరవై రావాలి. మూడు పరీక్షల్లో తప్పితే చోటు పోయినట్టే, బైపాస్ రోడ్డులో లారీల కాటా పక్కకి మారాలి. నూకరాజు రెండు తప్పాడు. ఈరోజుది రెండోది.

ఇరవై ఏళ్లు రొయ్యల ఐసు వ్యాను నడిపి, ఆ తర్వాత ట్రక్కు పెట్టుకున్నవాడు నూకరాజు. కొత్త వంటకాలు కనిపెట్టడమంటే ఆయనకి ప్రాణం. ఉలవచారు ఐస్‌ఫ్రూట్ కనిపెట్టాడు, తాటిముంజెల మంచూరియా కనిపెట్టాడు. రొయ్యల కాజా వాటన్నిటికీ తలమానికమని ఆయన నమ్మకం.

“ఆ గాజుగదిలో ఎవరికి ముద్ద దిగుతుందండీ” అన్నాడు హైమవతితో. “ఆసుపత్రిలో కూర్చోబెట్టినట్టు కూర్చోబెట్టారు. సాయంత్రం మా బండి దగ్గరికొచ్చి చూడండి డాక్టరమ్మగారూ. జనం ఎగబడి తింటారు, ఆయ్.”

అబద్ధమాడుతున్నాడనుకుంది హైమవతి. అయినా సాయంత్రం బిళ్లల డబ్బా పట్టుకుని వెళ్లింది.

చూస్తే, ఒడ్డుమీద ఏ బండి దగ్గరా లేనంతమంది నూకరాజు బండి చుట్టూ ఉన్నారు. ప్లాస్టిక్ స్టూళ్లు చాలక కొందరు గట్టుమీద కూర్చున్నారు. హైమవతి అడిగి అడిగి ముప్ఫైమందికి బిళ్లలు అంటించింది. సగటు ఎనభై ఎనిమిది వచ్చింది. అదే కాజా, అవే రొయ్యలు, అదే పాకం.

నూకరాజు కాజా సంగతి సరే, మీటరు చెడిపోయిందంటే పదకొండేళ్లు గంగలో కలిసినట్టే. అక్కడే స్టూలు మీద కూర్చుని, సగటు అంకె వదిలేసి, ఒక్కొక్కరి గీతా మొదట్నుంచీ చూడడం మొదలెట్టింది.

ఎదురుగా ఓ బ్యాంకు ఉద్యోగి కాజా కొరికాడు. గీత కింద పడింది, పద్దెనిమిది. ఎలాగో నమిలి మింగాడు. ఈలోగా నూకరాజు పళ్లెం పట్టుకుని ఆయన పక్కకి వచ్చాడు.

“అదేంటి సారూ, పిట్ట తిన్నట్టు తిన్నారు. ఇంకొక్కటి వేస్తానుండండి.”

“అయ్యో వద్దండీ, వద్దు వద్దు” అని ఆయన ఆకుప్లేటు మీద చెయ్యి అడ్డం పెట్టాడు.

గీత తారాజువ్వలా లేచింది. తొంభై ఆరు.

“నా మాట తీసెయ్యకండి. సగం. సగమే.”

“మీరు మరీనండీ” అంటూ వేళ్లు కాస్త ఎడం చేశాడు. ఆ సందులోంచి నూకరాజు నిండు కాజా జారవిడిచాడు. గీత పైనే ఉంది. ఆయన కొరికాడు. మళ్లీ పద్దెనిమిది. నూకరాజు మళ్లీ వచ్చాడు.

ముప్ఫైమందిదీ ఇదే వరస. కొరికినప్పుడల్లా పాతాళం, వద్దన్నప్పుడల్లా ఆకాశం. ఆ వద్దనడం ఎక్కువసేపు సాగుతుంది కాబట్టి సగటు ఎనభై దాటుతోంది.

మీటరు బాగానే ఉందని హైమవతి ఊపిరి పీల్చుకుంది. నూకరాజు భార్య మంగతాయారు పెనం గీకుతూ ఆమె మొహం చూసి, తెలిసిందామ్మా అని అడిగింది. ఏం తెలిసిందంటారు అని హైమవతి అంటే, ఆవిడ గొంతు తగ్గించి, ఆయన చేసినవన్నీ ముందు నేనే తినాలి గదమ్మా, ముప్ఫయ్యేళ్లుగా అని మళ్లీ పెనం వైపు తిరిగింది.

హైమవతి దాచడం ఎరగదు. జనం పలచబడ్డాక నూకరాజుకి తెర చూపించి గీతలన్నీ వివరంగా చెప్పింది.

“కాజాకి వస్తున్నవి ఇరవై. మిగతావన్నీ మీరు కొసరి వడ్డించడానికి.”

నూకరాజు చాలాసేపు ఆ గీతల వంకే చూశాడు. వేరేవాడైతే గంతులేసేవాడేమో. ఆయనకి మాత్రం కొట్టినట్టయింది. ఇన్నాళ్లూ వంట కనిపెట్టాననుకున్నాడు. జనం తన మొహం చూసి మింగుతున్నారన్నమాట.

“అంటే నేను నోరు మూసుకుంటే నా కాజా ఎవరూ తినరంటారు.”

“తినరు” అంది హైమవతి.

“చూద్దాం. ఈసారి పరీక్షకి నేను పెదవి కదిపితే ఒట్టు. కాజా గెలిస్తే ఉంటాను, లేకపోతే కాటా పక్కకి నేనే బండి తోలుకుపోతాను.”

మంగతాయారు గరిటె కింద పెట్టేసింది. ఆ కాటా పక్కన ఎవరు తింటారయ్యా, లారీలా అని అడిగింది. ఆయన జవాబు చెప్పలేదు. ఒట్టు అప్పుడే మొదలైపోయింది కాబోలు.

హైమవతి తను చూసినదంతా పరిశోధనాపత్రం రాసి, దానికి ‘కొసరు ప్రభావం’ అని పేరు పెట్టింది. ఇకమీదట పరీక్ష గాజుగదిలో కాకుండా బండి దగ్గరే జరగాలని కూడా రాస్తే, నగరంవాళ్లు సరేనన్నారు. అచ్చయిన వారానికే రుచిరథం అనే కంపెనీవాళ్లు దాన్ని పట్టుకుని ఒక పెట్టె తయారుచేశారు. అరచేయంత ఉంటుంది, బల్లకి బిగిస్తారు. చిన్న కెమెరా మీ ప్లేటుని చూస్తుంటుంది. సగం ఖాళీ అయిందో, పిన్నిగారి గొంతుతో మీరేమీ తినలేదు అంటుంది. మీరు వద్దంటే, మావయ్య గొంతు అందుకుని మొహమాటపడకు అంటుంది. దానిపేరు కొసరుపెట్టె.

మొదటి వారం కొత్తరేవు సంబరం చూడాల్సిందే. పెట్టె బిగించిన ప్రతి బండికీ ఎనభై, తొంభై. చేమదుంప నూడుల్స్‌కి తొంభై నాలుగు వచ్చాయంటే మీరే ఊహించుకోండి. ఇడ్లీ హోటళ్లు పెట్టించుకున్నాయి, టీ బడ్డీలు పెట్టించుకున్నాయి, రైల్వేస్టేషన్లో మంచినీళ్ల కుళాయికి కూడా పెట్టారు. గ్లాసు దించగానే, ఇంకో గుక్క తాగు నాన్నా, మొహం పీక్కుపోయింది అనేది.

రెండో వారానికి తేడా కొట్టింది. పెట్టెకి అలుపు లేదు. నూకరాజైతే మూడుసార్లు అడిగి, కళ్లలోకి చూసి, నిజంగా చాలనిపిస్తే వదిలేస్తాడు. పెట్టెకి ఆ కళ్లెక్కడివి. రిటైరైన లెక్కల మాస్టారొకాయన టిఫినుకి వెళ్లి, పిన్నిగారి గొంతుకి ఎదురుచెప్పలేక పదకొండు ఇడ్లీలు తిని ఆటోలో ఇల్లు చేరాడు. జనం ప్లేటుని ఒళ్లో దాచుకుని తినడం నేర్చుకున్నారు. కొందరు రుమాలు తెచ్చి పెట్టె మీద కప్పేవారు, అప్పుడది, ఎక్కడికెళ్లావమ్మా, అన్నం వదిలేసి అని గట్టిగా పిలిచేది. మూడో వారానికి ఒడ్డున పెట్టె ఉన్న బళ్లన్నిటికీ మార్కులు ముప్ఫైకి పడిపోయాయి.

ఎందుకిలా అని రుచిరథం వాళ్లు వచ్చి హైమవతిని అడిగారు.

“వద్దు అనేది ఇంకోసారి అడగమని చెప్పడమే కదండీ” అంది ఆమె. “కాకపోతే అడిగేది ఎప్పుడైనా మానేయగల మనిషై ఉండాలి. మానేయడం చేతకాని దాన్ని వద్దంటే అది నిజంగా వద్దనే.”

మూడో పరీక్ష రోజు వచ్చింది. ఇరవై మూడు బళ్ల మీద పెట్టెలు పిలుస్తూనే ఉన్నాయి. నూకరాజు బండి మీద లేదు. ఆయన పెట్టె పెట్టించుకోలేదు. మాట్లాడడు, బతిమాలడు. కాజా ప్లేటులో పెట్టి ఇచ్చి, రెండడుగులు వెనక్కి వేసి, బడిలో శిక్షపడ్డ పిల్లాడిలా చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. ఎవరి ప్లేటైనా ఖాళీ అయితే ఆ చేతులు వాటంతటవే ముందుకొచ్చేవి, మళ్లీ వెనక్కి లాక్కునేవాడు. చూస్తున్న మంగతాయారుకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

వందమంది తిన్నారు. హైమవతి సగటు తీసింది. తీసి, నమ్మలేక మళ్లీ తీసింది.

డెబ్భై నాలుగు.

చోటు నిలిచింది. మంగతాయారు స్టూలు మీద కూలబడి కొంగుతో మొహం తుడుచుకుంది. నూకరాజు మాత్రం చోటు గురించి అడగలేదు. ఇన్నాళ్ల తర్వాత మొదటిసారి నోరు విప్పాడు.

“డాక్టరమ్మగారూ, ఈసారి నేను ఒక్కమాట అనలేదు, మీరే చూశారు. మరి ఆ డెబ్భై నాలుగూ కాజావే కదండీ?”

హైమవతి తెర వైపు తిరిగింది. గీతలన్నీ అందులో శుభ్రంగా ఉన్నాయి. వందమందిలో తొంభై ఎనిమిదిమందికి గీత లేచింది కాజా ప్లేటులో పడకముందే. వచ్చి కూర్చుంటారు, బల్ల మీద పెట్టె కోసం బిక్కుబిక్కుమంటూ చూస్తారు, కనబడదు, అంతే, గీత జివ్వున పైకి. సముద్రం వంక చూస్తున్నంతసేపూ పైనే. కాజా కొరికినప్పుడు ఇరవై ఒకటి. కిందటిసారికంటే ఒక్క మార్కు ఎక్కువ, ఆరోజు రొయ్యలు మరీ తాజావి.

అదంతా చెప్పడానికి ఆమె నోరు తెరిచింది. నూకరాజు కళ్లు ఆమె పెదవుల మీదే ఉన్నాయి. ఆయన వెనకాల నుంచి మంగతాయారు కూడా హైమవతినే చూస్తోంది.

“తిని చెబుతాను, ఒకటి పెట్టండి” అంది హైమవతి, కాస్త వ్యవధి దొరుకుతుందని.

ఆయన పెట్టాడు. ఆమె కొరికింది. ముందు పాకం తగిలింది, దాని వెనకే మిరియం, ఆ వెనక రొయ్య, మళ్లీ ఎటునుంచో పాకం. నాలుగూ నోట్లో ఒకదాన్నొకటి పలకరించుకోకుండా తిరిగాయి. మింగడానికి కాసేపు పట్టింది. పొద్దున మీటరు సరిచూడ్డానికి అంటించుకున్న బిళ్ల ఆమె చెవి కిందే ఉంది, తెర పక్కనే ఉంది, అంకె ఇంకో క్షణంలో వచ్చేస్తుంది.

హైమవతి చెవి కింద చెయ్యి పెట్టి బిళ్ల ఊడదీసింది. ఆడవాళ్లు స్నానానికి వెళ్తూ బొట్టుబిళ్ల తీసి అద్దానికి అంటించినట్టు, దాన్ని బండి రేకుకి అంటించింది. రేకు రుచి సున్నా అని మీటరు చూపించింది.

“బాగుందండీ” అంది.

పుట్టి బుద్ధెరిగాక ఆ మాట ఆమె అనడం అదే మొదలు. అనేశాక చూసుకుంటే పెద్ద కష్టమేమీ కాలేదు.

నూకరాజు మొహం వెలిగిపోయింది. చేతులింకా వెనకే కట్టుకుని ఉన్నాడు. నిజానికి పరీక్ష అయిపోయింది, ఒట్టూ తీరిపోయింది, ఆ సంగతి ఇప్పుడే గుర్తొచ్చినట్టు మెల్లిగా ఒక చెయ్యి ముందుకు వచ్చింది, దాంట్లో పళ్లెం కూడా ఉంది.

“అంత బాగుంటే ఒక్కదాంతో సరిపెడతారేంటండీ. ఇంకొక్కటి వేస్తానుండండి.”

“అయ్యో వద్దండీ, వద్దు వద్దు” అంటూ హైమవతి రెండు చేతులూ ప్లేటు మీద అడ్డం పెట్టింది.

బిళ్ల రేకు మీదే ఉంది, మీటరు సున్నా దగ్గరే ఉంది. ఆమె చెవి కింద మాత్రం జివ్వుమంది.