ఒట్టో అరగదీసిన గుర్తు

విశాఖ చిహ్న నిర్ధారణశాలలో ఆ ఉదయం గదాధర్ పట్నాయక్ పదకొండో బిళ్లను పూర్వరూపి యంత్రం అరలో పెట్టాడు. పూర్వరూపి వచ్చాక ఊళ్లో పాతది అన్నమాటే లేకుండా పోయింది. చిరిగిన పెళ్లిచీర, నెర్రెలిచ్చిన గుమ్మం, తుప్పుపట్టిన పతకం, ఏది పెట్టినా అది పుట్టిననాటి రూపంతో బయటికొచ్చేది. జనం మురిసిపోయారు. గదాధర్‌కు మాత్రం దాన్ని చూస్తేనే ఒళ్లు మండేది. నలభై ఏళ్లు బొటనవేలితో తడిమి ఏ బిళ్ల ఏ కార్ఖానాదో చెప్పినవాడు ఇప్పుడు చీటీ నింపి మీట నొక్కే పనివాడయ్యాడు.

పదకొండోది జర్మనీది. మొదటి ప్రపంచయుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులు అక్కడ ఊరూరా సంఘాలు పెట్టుకున్నారు, కోటుకు పెట్టుకోవడానికి బిళ్లలు చేయించుకున్నారు. దీనిమీద కొండపై కట్టిన స్మారకం బొమ్మ చూడగానే కిఫ్‌హాయిజర్ సంఘానిదని గదాధర్ పోల్చేశాడు. ఆ బొమ్మ కింద మాత్రం గరుకుగా, అడ్డదిడ్డంగా అరిగి ఉంది. బిళ్లలు సేకరించేవాళ్లకు గీత కనిపిస్తే చాలు, విలువ పడిపోయిందని బెంగ. ఆ అలవాటు కొద్దీ చీటీలో ‘నష్టం: ఉంది’ అని రాసేశాడు. పూర్వం అయితే బిళ్లను ముట్టుకునే ముందు, ఇది మీ ఇంటికెలా వచ్చిందని తెచ్చినవాళ్లను అడిగేవాడు. ఇప్పటి చీటీలో ఆ మాటకు గడి లేదు.

పావుగంటలో బిళ్ల తళతళలాడుతూ వచ్చింది. తెచ్చినావిడను లోపలికి పిలిచారు. ఆవిడ సలోమమ్మ, సాలూరు మిషన్ ఆస్పత్రిలో నర్సుగా చేసి మానేసింది, డెబ్బై ఏళ్లుంటాయి. బిళ్లను అరచేతిలో పెట్టుకుని చూసి, బొమ్మ కింద వేలు పెట్టి చూపించింది.

"ఈ గుర్తు ఎక్కణ్ణించొచ్చింది బాబూ?"

శాల అధికారిణి హిమజ నవ్వింది. "స్వస్తికమే కదండీ. అరిగిపోతే తిరిగి తెచ్చాం. మా గుమ్మానికీ ఉంటుంది."

"మీ గుమ్మానిది వేరు తల్లీ. ఇది హిట్లరు మనుషులు ఎక్కించినాది. అరిగిపోలేదు, అరగదీసినారు!" ఆవిడ గొంతు పెరిగింది. "మా ముత్తవ్వ ఎల్జా జర్మనీ నుంచి నర్సుగా వొచ్చి సాలూరులోనే పెళ్లాడింది. ఆవిడ నాన్న ఒట్టో తాళాలు సేసీవోడు. సంఘం ఈ గుర్తున్న కొత్త బిళ్ల ఇస్తే ఆకురాయితో గీకీసి, అదే కోటుకి పెట్టుకుని మీటింగుకెల్లాడు. మర్నాడు పట్టుకుపోనారు. పోతాపోతా ఇది పక్కింటాయన సేతిలో పెట్టి, నా కూతురికి పంపమన్నాడు. మరి రాలేదు. వంశపత్రంలో ఆయన పేరు పక్కన ఖాళీగా ఉంది. నాను పోయేలోగా అది నింపాలని తెచ్చినాను. ఏటి సేసారు మీరు?"

గదాధర్ గోడవైపు తిరిగాడు. అక్కడి తెరమీద ఆవిడ వంశపత్రంలో ఆ ఖాళీ అప్పటికే నిండిపోయింది. ‘ఒట్టో. నాజీ చిహ్నధారి.’ బిళ్ల రూపాన్ని బట్టి పూర్వరూపి తనంతట తానే రాసేసింది. ఆ పత్రం ఊరూ వాడా, రాబోయే తరాలూ చదివేది.

"మార్చండి," అన్నాడతను.

"వస్తువే ఆధారం మాస్టారూ. దానిమీద గీతల్లేవు," అంది హిమజ.

"ముందున్న రూపం ఎక్కడో దాచి ఉంటుంది కదా?"

"నష్టాన్ని దాచి ఏం చేసుకుంటాం?"

"ఆ గీతలు నేను కళ్లారా చూశానమ్మా! సాక్ష్యం రాసిస్తాను!"

హిమజ చీటీ తీసి చూపించింది. "మీ సాక్ష్యం ఇదిగో. నష్టం అని మీరే రాశారు."

గదాధర్‌కు యంత్రాన్ని బద్దలుకొట్టాలనిపించింది. హిమజను తిట్టాలనిపించింది. అన్నిటికంటే తన చెంప తనే వాయించుకోవాలనిపించింది. మనిషి ప్రాణానికి తెగించి గీసిన గీతలు తన వేలికింద పలికాయి, తను వాటిని లోపమని కొట్టిపారేశాడు. "తప్పయిపోయింది తల్లీ," అన్నాడు.

సలోమమ్మ కరగలేదు. బిళ్లను అతని ముందు బల్లమీద ఠపీమని పెట్టింది.

"నష్టం అని రాసిన సేత్తోనే గీకండి."

గదాధర్ పనిముట్ల సొరుగులోంచి ఆకురాయి తీశాడు. "ఏం లాభం మాస్టారూ?" హిమజ అడ్డుపడింది. "లోహానికి రూపం నేర్పేశాం. రేపు తెల్లారేసరికి మళ్లీ మొలుస్తుంది." అతను వినిపించుకోలేదు. కొత్త ఇత్తడి గట్టిగా ఉంది. వేళ్లు కొట్టుకుపోయి నెత్తురొచ్చాక గానీ ఆ గుర్తు చెరగలేదు.

సలోమమ్మ వెలుతురులోకి తిప్పి చూసి, బిళ్లను మళ్లీ అతని ముందే పెట్టింది.

"రేపు కూడా గీకండి. ఎల్లుండి కూడా. ఆయన ఒక్కసారి గీకితే సరిపోయింది. మీరు బతికున్నన్నాళ్లూ గీకాలి."