అమావాస్య నాటి కొలతలు

2012 ఆగస్టు పదిహేడు, శుక్రవారం. ఆ రోజు వేణు తిన్నవి నాలుగు మిరపకాయ బజ్జీలు. తారీఖూ బజ్జీలూ అతనికి ఇంకా గుర్తున్నాయంటే రుచి వల్ల కాదు. వాటిని ఎక్కడ కూర్చుని తిన్నాడో, అందువల్ల.

కోదాడలో ప్లాన్లు గీసే ఒక చిన్న ఆఫీసులో వేణుకు పని. మిర్యాలగూడలో రైస్ మిల్లుల దారిలో రెండెకరాల జాగా కొలిచి రమ్మని సారు పంపాడు. అది కమర్షియల్ జోన్‌లో ఉంది. రెసిడెన్షియల్‌గా మార్పించి ఐదంతస్తుల అపార్ట్‌మెంట్లు కట్టాలని ఆసామి ఆలోచన.

వేణు వెళ్లేసరికి అక్కడ నరమానవుడు లేడు. రోడ్డు వైపు వరసగా రేకుల షెడ్లు, అన్నిటికీ తాళాలు. కొలవడం అయ్యేసరికి వాన పట్టుకుంది. ఒక షెడ్డు చూరు కింద గోనెసంచుల కట్ట మీద కూర్చుని, బజ్జీలు తిని, పొట్లానికే చెయ్యి తుడుచుకుని అక్కడే వదిలేసి, కాగితం మీద రాసుకున్నాడు: 'పాత షెడ్లు. వాడుకలో లేవు.'

నలభై ఐదు రోజులకు ఆ మాట అతని మీదికే తిరిగి వచ్చింది.

అప్పటికి జోన్ మార్పు నోటీసు పేపర్లో పడింది. అభ్యంతరాలుంటే పదిహేను రోజుల్లో చెప్పుకోవాలి. రోడ్డు వెడల్పు మరోసారి చూసి రమ్మంటే వేణు మళ్లీ మిర్యాలగూడ బస్సెక్కాడు.

ఈసారి షెడ్ల తలుపులన్నీ తెరిచి ఉన్నాయి. లోపల పన్నెండు మంది ఆడవాళ్లు. ఒడి నిండా గోనెసంచులు, చేతుల్లో దబ్బనాలు. మిల్లుల నుంచి వచ్చిన చిరుగుల సంచులకు అతుకులు వేస్తున్నారు.

వేణు చేతిలో టేపు చూడగానే ఒక అమ్మాయి లేచి వచ్చింది. జుట్టు నిండా గోనె నూగు. చేతిలో ప్లాను జిరాక్సు.

"ఇది గీసింది నువ్వేనా?"

"నేనేనండీ."

"కండ్లున్నయా?"

"ఉన్నాయండీ."

"ఉంటే మేం కనబడలేదా? వాడుకల లేవని రాసినవ్. ఇరవై రెండేండ్ల సంది మా అమ్మ గీడనే కుడుతున్నది. ఆ మూలకు ఉయ్యాలల పెరిగిన నేను. మేం వాడుకల లేమా?"

"ఆ రోజు ఎవరూ లేరండీ. ఒట్టు."

"ఏ రోజు?"

"ఆగస్టు పదిహేడు."

ఆమె వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. ముఖం ఇంకా ఎర్రబడింది.

"అమావాస్య! ఆ దినం మార్కెట్ బంద్, మిల్లులు బంద్, హమాలీలు బంద్. నెలకు మాకు దొరికేదే ఆ ఒక్క సెలవు. తలకు పోసుకునే ఒక్క దినం సూసుకొని వచ్చి, మమ్మల్ని ఖతం చేసి పోయినవా?"

"స్వప్నా, జర మెల్లగ" అంది లోపల్నుంచి తల్లి చంద్రమ్మ.

"మెల్లగెందుకమ్మా? సంచుల మీద దొరికిన ఆ నూనె కాయితం గూడ ఈనదే! మన సంచుల మీద కూసోని, తిని, ఎవ్వరు లేరని రాసిండు. కూసున్నప్పుడన్న అనిపియ్యలేదా సారూ, ఈ కట్ట కట్టినోళ్లు ఎవలో అని?"



చంద్రమ్మ లేచి స్టీలు గ్లాసుతో నీళ్లు తెచ్చి అతని చేతికిచ్చింది. "తాగు బిడ్డా. ఎండల పడి వచ్చినవ్."

కూతురి తిట్లకన్నా ఆ నీళ్లే ఎక్కువ గుచ్చుకున్నాయి.

"అపార్ట్‌మెంట్లు వద్దంటారా అయితే?" అన్నాడు మెల్లగా.

"ఎవలన్నరు వద్దని?" అంది స్వప్న. "ఎనక అంత జాగా ఉన్నది, కట్టుకోమను. మేమూ కిరాయి ఇండ్లల్ల ఉండేటోళ్లమే, ఇండ్ల మీద మాకేం పగ? జోన్ మొత్తం మారితే ఈ పని గీడ చెయ్యనియ్యరట. బతికున్నోళ్లను లేరని రాసి కట్టుడేంది?"

పొద్దుగూకింది. చంద్రమ్మ షెడ్డు మూసింది. ఆ రేకు తలుపు వేస్తే వచ్చే చప్పుడు మిల్లు గేటు దాకా వినపడుతుంది. బస్టాండుకు నడుస్తున్న వేణుకు అది వీపు మీద చరిచినట్టయింది.

మర్నాడు ఆఫీసులో సారుతో చెప్పేశాడు.

"సార్, ప్లాను తప్పు. షెడ్లలో మనుషులు పని చేస్తున్నారు."

"నువ్వు వెళ్లిన రోజు లేరు కదా? చూసిందే రాశావు. దాని సంగతి వదిలేయ్. ఈ నెల పదిహేనున హుజూర్‌నగర్‌లో ఇంకో సైటుంది, కొలుచుకురా."

వేణు గోడ మీది క్యాలెండర్ వైపు చూశాడు. అక్టోబరు పదిహేను గడిలో గుండ్రటి నల్ల చుక్క. లేచి వెళ్లి పేజీలు వెనక్కి తిప్పాడు. ఆగస్టు పదిహేడున కూడా నల్ల చుక్కే. దాని చుట్టూ ఎర్ర పెన్నుతో గీసిన గీత.

"అమావాస్య అని తెలిసే పంపారా సార్?"

"మనుషులుంటే అడ్డం పడతారయ్యా, కొలతలు సరిగా రావు" అని నవ్వాడాయన.

ఆ నవ్వు విన్నాక వేణుకు తన చేతిరాత మీద తనకే అసహ్యం వేసింది.

ఆదివారం సొంత టేపుతో మిర్యాలగూడలో దిగాడు. చంకలో పెద్ద పొట్లం.

"మళ్ల ఎందుకొచ్చినవ్?" అంది స్వప్న.

"చూసి గీద్దామని."

"ఆ పొట్లమేంది?"

"పన్నెండు మందికి బజ్జీలు."

లోపల ఎవరో కిసుక్కున నవ్వారు. స్వప్న నవ్వలేదు కానీ టేపు కొస అందుకుంది.

"గట్టిగా పట్టుకోండి."

"నువ్వు సక్కగ రాయి. నేను గట్టిగనే పడుత."

ఒక్కో షెడ్డూ కొలిచి, అందులో కుట్టేవాళ్ల పేర్లు రాశాడు. భూలి. సాలి. మంగ్లీ. చంద్రమ్మ. చివరికి తలెత్తాడు. "మీ పేరు?"

"తెల్వదా? మా అమ్మ పొద్దటి నుంచి పది సార్లు పిలిసింది."

"తెలుసు. మీరు చెబితే రాద్దామని."

చినుకులు మొదలయ్యాయి. ఆమె టేపు చుట్టే నెపంతో తల దించుకుంది. "స్వప్న. రాసుకో."

విచారణ రోజు మున్సిపాలిటీ హాల్లో అధికారి అడిగాడు. "అభ్యంతరం ఎవరిది?"

పన్నెండు మందీ లేచారు. వాళ్ల వెనక ఇంకొకరు కూడా.

"నాది కూడా సార్. మొదటి ప్లాను గీసింది నేనే. అమావాస్య నాడు కొలిచాను. అది తప్పు. ఇదిగో, మామూలు రోజున గీసింది."

అధికారి రెండు ప్లాన్లూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశాడు. జాగా ఆసామి పక్కన కూర్చున్న సారు పళ్లు నూరాడు. "రేపట్నుంచి ఆఫీసుకు రాకు."

"హుజూర్‌నగర్‌కు వెళ్లనని నేనే చెబుదామనుకున్నానండీ" అన్నాడు వేణు.

నవంబరు ఆఖర్లో ఉత్తర్వు వచ్చింది. రోడ్డు పక్క షెడ్ల వరస కమర్షియల్‌గానే ఉంటుంది. ఇండ్లు వెనక భాగంలోనే కట్టుకోవాలి. నకలు తీసుకుని వేణు సాయంత్రం బస్సుకు వచ్చాడు. స్వప్న రెండుసార్లు చదివి, మడిచి, తల్లి చేతికిచ్చి, అతనితో పాటు రోడ్డు దాకా నడిచింది.

"మా వల్ల నౌకరీ పోయె. ఇప్పుడేం చేస్తున్నవ్?"

"కోదాడలో సొంతంగా టేబులు వేసుకున్నానండీ."

"గిరాకి?"

"ఇద్దరు. అమావాస్య నాడు మాత్రం బంద్. ఆ రోజు ఇక్కడికి రావాలని ఉంది."

"ఎందుకు?"

"మీకు సెలవు కదా."

"సెలవు దినం నేను తలకు పోసుకుంట."

"ఆరేదాకా కూర్చుంటా."

స్వప్న పకపకా నవ్వింది. ఆ నవ్వు వినడం అతనికి అదే మొదటిసారి.

"ముందుగాల ఆ అండీ, గిండీ బంద్ చెయ్."

"సరే... స్వప్నా."

ఆమె అక్కణ్నుంచి కదల్లేదు.

షెడ్డులో చంద్రమ్మ దబ్బనాలు సర్ది, తాళం తీసుకుని బయటికి వచ్చింది. రోడ్డు పక్కన నిలబడ్డ ఇద్దరినీ చూసింది. కేకేయబోయి ఆగింది. రేకు తలుపును రెండు చేతులా కొంచెం పైకెత్తి పట్టుకుని, నేలకు రాసుకోకుండా, చప్పుడు కాకుండా, మెల్లగా మూసింది.