పళ్లెం మోగే జైలు

చర్ల రోడ్డులో ఒక పాత సబ్‌జైలు ఉంది. చీకటి పడ్డాక దాని ముందు ఎవరూ ఆగరు. బస్సు డ్రైవర్లు అక్కడ హారన్ కూడా కొట్టరు... కొడితే లోపల్నుంచి జవాబొస్తుందట. సత్తు పళ్లెం మీద గరిటెతో వాయించినట్టు — టంగ్... టంగ్... టంగ్...

ఏ ఊరి జైలు అని అడక్కండి, చెప్పను. అయినా దానికి చెడ్డపేరు తెచ్చింది దెయ్యం కాదు. మనుషులున్న రోజుల్లోనే అది దెయ్యాల కొంప.

ఎమర్జెన్సీ పోయిన మరుసటేడు సంగతి. పోడు కేసుల్లో పట్టుకొచ్చినవాళ్లను కోర్టు మొహం చూపించకుండా అందులో కుక్కారు. జావలో పురుగులు. జ్వరమొస్తే మందుబిళ్ల లేదు. పడుకున్నా కాళ్లకు బేడీలే. కనీసం రాత్రిపూట అవి తీయమని అడిగిన పాపానికి నీళ్లు బంద్ చేశారు.

అప్పుడు మొదలైంది. ఖైదీలంతా జావ పారబోసి, పళ్లేలు బోర్లించి వాయించారు. ముందుగా వాయించినవాడు బిచ్యా, దగ్గర్లోని తండా మనిషి. ఖైదీల తోపుకు గేటు విరిగింది. లాఠీలు లోపలికి పోయాయి. తెల్లారేసరికి ఒక్క పళ్లెమూ మోగలేదు.

బిచ్యా పారిపోయాడని చెప్పారు.

ఎంత తేలిక! పారిపోయినవాడి శవం ఎవరికీ చూపించక్కర్లేదు. అనుభవించింది మాత్రం అతని పెళ్లాం రూప్లి. "మొగుణ్ణి ఎక్కడ దాచావే?" అంటూ పోలీసులు ఆమెను క్యాంపుకు పిలిపించి ఎండలో నిలబెట్టేవారు. గాజులు తీయాలో ఉంచుకోవాలో తెలియదు. దినం చేయాలో, దారి చూడాలో తెలియదు. ఆడమనిషిని అట్లా ఏళ్లకేళ్లు వేలాడదీసిన వాళ్ల చేతులు పడిపోను!

తర్వాత జైలు మూసేశారు. గబ్బిలాలు చేరాయి. ఆ తర్వాతే ఈ పళ్లెం చప్పుడు పుట్టింది.

ఇక అసలు సంగతి. దుమ్ముగూడెంలో సైకిల్ షాపు నడిపే జానీ మియా కళ్లారా చూసి నాకు చెప్పింది.

ఓ వానాకాలం రాత్రి చర్ల నుంచి వచ్చే ఆఖరి బస్సు దారిలో చెడిపోయింది. అందరూ బస్సులోనే ముడుచుకున్నారు. ఒక్క ముసలాయన మాత్రం దిగి నడక మొదలుపెట్టాడు. ఆయన బసవపున్నయ్య — ఒకప్పుడు ఆ జైలుకు జమేదారు. బదిలీ మీద పోయి, రిటైరై, మళ్లీ ఇన్నాళ్లకు చుట్టాల పెళ్లికి వచ్చాడు. కాస్త దూరంలో జానీ మియా కలిశాడు. సైకిల్ షాపువాడి సైకిలే పంక్చరు... తోసుకుంటూ పోతున్నాడు.

"జైలు ముందు నుంచి వద్దు మియా. వేరే దారి లేదా?"

"గోదారి పొంగింది సాబ్. గిదొక్కటే తొవ్వ."

బసవపున్నయ్య తేలు కుట్టిన దొంగలా నడిచాడు.

జైలు గోడ వచ్చింది. అప్పటిదాకా అరుస్తున్న కప్పలు గప్‌చుప్...

టంగ్...

జానీ మియా కలిమా చదువుకుంటూ జమేదారు రెక్క పట్టి లాగాడు. "జల్దీ నడువుండ్రి సాబ్..."

ఆయన కదిలితేగా!

టంగ్... టంగ్... ఇంకా దగ్గరగా — గేటు వెనకే.

పళ్లెం మోగితే చాలు, ఏళ్ల తరబడి గద్దించిన నోరది. మామూలు మనిషైతే దేవుణ్ణి తలుచుకునేవాడు. ఈయనకు భయంలోనూ ఉద్యోగమే తన్నుకొచ్చింది.

"బిచ్యా! పళ్లెం కింద పెట్టు!"

చప్పుడు ఆగిపోయింది.

మోగుతూ ఉన్నా బాగుండేది. చెప్పిన మాట విన్న దెయ్యాన్ని తట్టుకోవడం ఎవరి తరం? బసవపున్నయ్య బురదలో కూలబడి చేతులు జోడించాడు.

"నేను కాదురా... కొట్టమన్నది పైవాళ్లు. నీ ప్రాణం పోయాక... గోడ కింద పూడ్చింది కూడా నేనొక్కణ్ణే కాదు... నన్నొదిలెయ్ బిచ్యా, పిల్లలు గలవాణ్ణి..."

గేటు కిర్రుమంది. ఎవరో బయటికి వస్తున్నారు.

జానీ మియా టార్చి వేశాడు. వెలుగు ముందు నేల మీద పడింది. రెండు పాదాలు కనిపించాయి. వెనక్కి తిరిగి లేవు... మనిషి పాదాలే. వెండి కడియాలు. వెలుగు పైకి పోయింది — చేతిలో సొట్టపోయిన సత్తు పళ్లెం.

రూప్లి!

"ఇన్నేండ్ల సంది కొడుతున్న," అంది ఆమె, గుసగుసగా. "విన్నోళ్లంత ఉరికిండ్రు. ఆయనను పేరు వెట్టి పిలిచింది నువ్వొక్కడివే."

బసవపున్నయ్య లేచి వెనక్కి అడుగేశాడు.

"ఏ గోడ కింద, జమేదార్?"

జానీ మియా సైకిల్‌ను ఆయన వెనకగా తెచ్చి, రోడ్డుకు అడ్డంగా స్టాండు వేశాడు.