చెంపదెబ్బ చప్పుడు

పొద్దున్నే వంటింట్లో కత్తిపీట చప్పుడు, హాల్లో పెద్దాయన గొంతు సవరించుకోవడం మొదలయ్యాయంటే కూతురు తన గదిలోకెళ్లి తలుపేసుకుంటుంది. గోడలనిండా పాత బొంతలు వేలాడదీసిన గది అది. సినిమాలకి శబ్దాలు చేయడం ఆమె పని. తెరమీద ఎవరి అడుగుల చప్పుడైనా, ఏ తలుపు కిర్రుమనడమైనా అక్కడే పుడతాయి.

ఈమధ్య ఆమె చేతికొచ్చింది ఆ పెద్దాయనదే, నాన్న పాత సినిమా. ఆయన రాసి, తీసి, తానే హీరోగా వేసిన హాస్య చిత్రాలు ఒకప్పుడు జనాన్ని కడుపుబ్బ నవ్వించాయి. వాటిల్లో బాగా పేరున్నదాన్ని మళ్లీ థియేటర్లలో వేస్తున్నారు. బొమ్మ బాగానే ఉంది, శబ్దమే పాడైపోయింది. బాగుచేసే పని ఆమె అడిగి మరీ తెచ్చుకుంది. ఆ సినిమాలంటే ఆమెకి ప్రాణం. నాన్న రాసిన జోకుకన్నా ఆ జోకుకి ముందు ఆయన మింగే గుటకే ఎక్కువ నవ్విస్తుందనీ, అది తెలిసిన దర్శకుడు కాబట్టే అక్కడ కెమెరాని కదలనివ్వలేదనీ కనబడ్డవాళ్లందరికీ చెబుతుంది.

అందులో ఆయన వేసిన పిరికి గుమాస్తా తన ఇల్లే అనుకుని పై అంతస్తులో వేరేవాళ్లింట్లో దూరతాడు. దర్జాగా భోంచేసి, ఉప్పు తక్కువైందని చెప్పి, ఆ ఇంటావిడ చేతి చెంపదెబ్బ తింటాడు. ఆ చప్పుడుకే జనం పడీ పడీ నవ్వేవారని పెద్దాయన నమ్మకం. అరిగిపోయిన ఆ చప్పుడుని కూతురు తీసేసింది గానీ, దాని బదులు ఏం పెట్టాలో తోచక ఆయన్నే పిలిచింది.

"నాన్నా, ఈ దెబ్బ దేంతో చేశారు? తడిగుడ్డ, చెప్పు, పిండిముద్ద, అన్నీ కొట్టి చూశా. ఒక్కటీ అతకట్లేదు."

పెద్దాయన కుర్చీలో వెనక్కి వాలి కులాసాగా నవ్వాడు. "అతకవమ్మా. మేమూ అన్నీ చూశాం. ఆఖరికి రికార్డరు ఇంటికి తెచ్చి మీ అమ్మని కూర్చోబెట్టా."

"అమ్మ కొట్టిందా?"

"మీ అమ్మకి చెయ్యెక్కడ లేస్తుంది! నేనే కొట్టా. పాపం, చాలానే పడ్డాయి. చివరిది మాత్రం అదిరిపోయింది."

కూతురు నవ్వలేదు. "ఏ చెంప?"

"ఏంటీ?"

"ఏ చెంప మీద కొట్టావు?"

ఆయన కుడిచెయ్యి గాల్లో ఊపి చూసుకున్నాడు. "ఎడమ."

అమ్మకి ఎడమ చెవి వినబడదు. ఎప్పుడో జ్వరమొచ్చి పోయిందని చెబుతూ వచ్చింది. ఏం చెప్పాలన్నా ఆమెకి కుడిపక్కకి వెళ్లి చెప్పడం కూతురికి చిన్నప్పట్నించీ అలవాటు.

"చెవి పగలగొట్టావన్నమాట." కూతురు లేచి నిలబడింది.

"నోటికొచ్చినట్టు మాట్లాడకు. ఇష్టపడే కూర్చుంది. నవ్వింది కూడా."

"నీకు భయపడి నవ్వుంటుంది. ఈ సినిమా నేను చెయ్యను నాన్నా. ఎందుకు చెయ్యవని అడిగినవాళ్లందరికీ ఇదే చెబుతా."

పెద్దాయన మొహం జేవురించింది. మైకు స్టాండు ఎత్తి గోడకేసి కొట్టాడు. చప్పుళ్ల కోసం పెట్టుకున్న గాజు సీసాల అల్మారా భళ్లున కూలింది. "నా సినిమాని బజారుకీడుస్తావా? ఈ ఇంట్లో ప్రతి మెతుకూ ఆ సినిమాలే పెట్టాయే!"

"అమ్మ చెవి తిన్నాయి!"

ఆయన చెయ్యి లేచింది. దెబ్బకి కూతురు తూలి బల్ల అంచుకి తగిలింది. పెదవి చిట్లి గడ్డం మీదికి రక్తం కారింది. ఆయన మళ్లీ చెయ్యెత్తాడు.

ఆ చెయ్యి కిందికి రాలేదు. ఇనప గరిటె వచ్చి మణికట్టు మీద పడింది. అల్మారా కూలిన అదురుకి పరిగెత్తుకొచ్చిన అమ్మ గుమ్మంలో ఉంది. రెండో దెబ్బ భుజం మీద, మూడోది వీపు మీద పడ్డాయి. తెరమీద అంత ముద్దుగా పడే మనిషి ఇప్పుడు బియ్యం బస్తాలా కూలబడ్డాడు. ఆమె ఆగలేదు. చివరికి కూతురే వెనకనుంచి పట్టుకోవాల్సి వచ్చింది.

"అమ్మా, చాలు! చచ్చిపోతాడు!"

అమ్మ రొప్పుతోంది. ఇన్నేళ్లూ 'ఏవండీ' తప్ప మరో పిలుపు ఎరగని మనిషి. "నన్ను కొట్టావు. సినిమా కోసమే కదా అని ఊరుకున్నా. జ్వరమని అబద్ధం చెప్పి నీ పరువు కాపాడా. దీన్ని దేనికోసం కొట్టావురా?"

ఆయన మణికట్టు పట్టుకుని లేచి కూర్చున్నాడు.

"ఆ సీను పెట్టు," అంది అమ్మ. గరిటె ఇంకా చేతిలోనే ఉంది కాబట్టి ఎందుకని ఎవరూ అడగలేదు.

తెరమీద గుమాస్తా భోంచేశాడు. ఉప్పు తక్కువైందన్నాడు. ఇంటావిడ చెయ్యి లేచి చెంప మీద పడింది. చప్పుడు లేదు. గుమాస్తా తల అటు తిరిగి, మెల్లగా ఇటొచ్చింది. ఆ నిశ్శబ్దంలో గుటక ఒక్కటే వినబడింది. "పళ్లెం నన్నే కడగమంటారా?" అన్నాడు మర్యాదగా.

అమ్మకి నవ్వాగలేదు. ఏడుస్తూనే నవ్వింది. పెదవి మంట పుడుతున్నా కూతురూ నవ్వేసింది. ఎంత కోపంలో ఉన్నా ఆ మొహం చూస్తే నవ్వకుండా ఉండటం కష్టం.

పెద్దాయన మాత్రం నవ్వలేదు. "మళ్లీ పెట్టు," అన్నాడు. మళ్లీ చూశాడు. ఇంకోసారీ చూశాడు. దర్శకుడి కళ్లతో చూశాడు.

"అక్కర్లేదు," అన్నాడు చివరికి.

"ఏది?"

"ఆ చప్పుడు. అసలు అక్కర్లేదు. అది లేకుండానే బాగుంది." ఆయన భార్య వైపు తిరిగాడు. "ఊరికే కొట్టానే నిన్ను. ఊరికే... నీ చెవి ఊరికే పోగొట్టాను." నేలమీద పడి పసివాడిలా ఏడ్చాడు.

అమ్మ ఓదార్చలేదు. మందు సీసా, దూది తెచ్చి ఆయన ముందు పెట్టింది. "ముందు పిల్ల పెదవి చూడు. నా సంగతి తర్వాత."

ఆయన దూది తడిపి చెయ్యి చాచాడు. ఆ చెయ్యి చెంప దగ్గరికి రాగానే కూతురు కళ్లు గట్టిగా మూసుకుని వెనక్కి జరిగింది. కావాలని జరగలేదు. ఒళ్లే జరిగింది.

అది ఆయన చూశాడు. చెయ్యి అక్కడే ఆపేశాడు. ముందుకి తేలేదు, వెనక్కీ తీసుకోలేదు. కూతురు కళ్లు తెరిచి, తనంతట తాను ముందుకి వంగేదాకా అలాగే పట్టుకుని కూర్చున్నాడు.