ఆల్చిప్పలు మూసుకున్న మధ్యాహ్నం

చెరువు నీళ్ళు ఊరికి పంపే కేంద్రంలో ల్యాబ్ చూసుకునే ఆవిడని అందరూ ఆల్చిప్పలక్క అనేవారు. ఆ పేరు పెట్టింది వాల్వు తిప్పే బాబాయ్. "జీతం నీకిస్తున్నారు గానీ, పని చేసేది ఆ ఎనిమిదేనమ్మా!" అని రోజూ ఆటపట్టించేవాడు.

అబద్ధమేం కాదు. ఊరికెళ్ళే పెద్ద గొట్టం మీదే, ఆ నీళ్ళే పారే పొడుగాటి గాజుతొట్టి ఉంది. అందులో చెరువులోంచి తెచ్చిన ఎనిమిది ఆల్చిప్పలు, వరసగా. ఒక్కోదాని పెంకుకీ సన్నటి తీగ. నోరు తెరుచుకుని నీళ్ళు పీలుస్తుంటే పచ్చ దీపం, మూసుకుంటే ఎర్ర దీపం. నీళ్ళలో విషం కలిస్తే మనుషులకన్నా ముందు వాటికే తెలిసిపోతుంది. ఎనిమిదీ మూసుకున్నాయా, ముందు వాల్వు కట్టెయ్యాలి, పరీక్షలు తర్వాత. అదీ రూలు.

కాకపోతే అవి ఉత్త పిరికివి. ఎవరైనా దబదబా నడిచినా మూసుకుంటాయి. పోయిన నెల బాబాయ్ బూట్ల చప్పుడుకి మూసుకుంటే, ఆవిడ కంగారుపడి వాల్వు కట్టించేసింది. పూటంతా ఊరికి నీళ్ళు లేవు. పై ఆఫీసరు పెట్టిన చీవాట్లు ఇంకా చెవుల్లో గింగురుమంటున్నాయి.

ఆ మధ్యాహ్నం ముసురు పట్టి ఉంది. మూడు దాటింది. పాప బడి నుంచి వచ్చేసి ఉంటుంది, అమ్మ దానికి స్నానానికి నీళ్ళు పడుతూ ఉంటుంది అనుకుంటూ ఆవిడ రిజిస్టరు రాసుకుంటోంది. ఆ గొట్టం మీద మొదటి కుళాయి వాళ్ళ క్వార్టరుదే.

చెరువు వైపు చివర దీపం ఎర్రబడింది. తర్వాత రెండోది. మూడోది…

"మళ్ళీ బూట్లేసుకొచ్చావా బాబాయ్?" తలెత్తకుండానే కసిరింది.

"నేనిక్కడే కూర్చున్నా కదమ్మా," అన్నాడాయన గుమ్మం దగ్గర స్టూలు మీంచి. కాళ్ళకి చెప్పులు కూడా లేవు.

ఎనిమిదీ మూసుకున్నాయి.

"కట్టెయ్యనా?"

"ఆగు బాబాయ్. ఇంకోసారి తిట్లు తినే ఓపిక నాకు లేదు."

గబగబా నీళ్ళు పట్టి పరీక్షించింది. విషం లేదు, మురికి లేదు. హమ్మయ్య అనుకుంది.

అప్పుడొచ్చింది వాసన. చెరువు అడుగున ఏళ్ళ తరబడి కుళ్ళిన ఆకుల వాసన. దాని వెనకే చప్పుడు… కాళ్ళ కింద గొట్టంలోంచి.

చప్… చప్… చప్…

తడి కాళ్ళతో ఎవరో నడుస్తున్నారు. గొట్టం నిండా నీళ్ళు. ఊపిరి తీసుకునే చోటే లేదక్కడ.

"బాబాయ్… వినిపిస్తోందా?"

"మాట్లాడకమ్మా…" అన్నాడాయన.

మొదటి ఆల్చిప్ప మెల్లగా నోరు తెరిచింది. పచ్చ దీపం. తర్వాత రెండోది. మూడోది… చెరువు వైపు నుంచి ఊరి వైపుకి, ఒక్కోటీ. ఎనిమిదోదీ తెరుచుకుంది. చప్పుడు దూరమైపోయింది.

దాటి వెళ్ళిపోయింది!

"కట్టెయ్ బాబాయ్! కట్టెయ్!"

ఆయన వాల్వు చక్రం మీద పడ్డాడు. ఆవిడ ఇంటికి ఫోన్ చేసింది.

"అమ్మా, కుళాయి కట్టెయ్! పాపేదీ?"

"ఎందుకే ఆ అరుపు? బకెట్ నిండితే ఇప్పుడే కట్టేశా. అదిగో, బకెట్ ముందు కూర్చుంది. మనింట్లో ఎవరెవరుంటారో ఒక్కొక్కరి పేరూ చెబుతోంది. ఎవరితో ఆడుతోందో ఏమో…"

"దాన్ని ఎత్తుకో అమ్మా… బయటికి పరిగెత్తు…"

ఫోన్లో, వెనకాల నుంచి, పాప గొంతు వినిపించింది. బుద్ధిగా ఎవరికో జవాబు చెబుతోంది.

"అమ్మ ఇప్పుడు లేదు. సాయంత్రం వస్తుంది. అందాకా ఉంటావా?"