కొత్త తాడు వేసిన సాయంత్రం

మా వీధిలో ఇళ్ళన్నీ ఒకదాని భుజం మీద ఒకటి వాలి కొండ ఎక్కుతుంటాయి. అన్నీ గనివాళ్ళ ఇళ్ళే. గని మూతబడి చాలా ఏళ్ళయింది. పొయ్యిలు మాత్రం ఇంకా బొగ్గే తింటున్నాయి. మా ముందుగదిలో కూడా ఒక ఇనప పొయ్యి ఉంది. దానికి అద్దం బిగించిన తలుపు, వెనక పొగగొట్టం. వేల్స్ చలికాలంలో మా లోయలో ఆ పొయ్యి లేకపోతే ఇల్లు ఇల్లు కాదు, రాతిగూడు.

నా పేరు నెస్టా. ఆ ఇంట్లో నేనూ మా తమ్ముడు ఎమ్లిన్ ఉంటాం. వాడు పదిహేనో ఏట గనిలో దిగాడు. బయటికి వచ్చేసరికి ఊపిరితిత్తుల నిండా బొగ్గు ధూళి. ఇప్పుడు మేడమెట్లు ఎక్కలేడు. ఆ పొయ్యి పక్కనే మంచం వేశాం.

నేను పొయ్యి తలుపుకి కొత్త తాడు వేసిన రోజుకి ముందురోజు పొద్దున గోడమీది విషగాలి అలారం మోగింది. వాడిని చూడటానికి వచ్చే నర్సు కెరిస్ అప్పుడు ఇంట్లోనే ఉంది. గబగబా కిటికీలు తెరిచింది. పొయ్యి తలుపు అంచున వేలు పెట్టి చూసింది. పొగ బయటికి రాకుండా అంచు చుట్టూ ఉండాల్సిన సీలు తాడు పొడిపొడిగా రాలిపోతోంది.

"పెద్దమ్మా, ఎల్లుండి పొద్దున మళ్ళీ వస్తాను. ఇది మళ్ళీ మోగితే నేను పైవాళ్ళకి చెప్పక తప్పదు. ఈయన్ని కింది ఊరి వృద్ధాశ్రమానికి పంపించేస్తారు."

"పొయ్యి బాగుచేసేవాడు వచ్చే వారం దాకా రాడట."

"అందాకా పొయ్యి వెలిగించకండి."

"అప్పుడు చలికి పోతాడు. ఏ చావు మంచిదో నువ్వే చెప్పమ్మాయ్."

పాపం, ఆ పిల్ల తప్పేం లేదు. తలదించుకుని వెళ్ళిపోయింది. ఎమ్లిన్ గోడవైపు తిరిగి పడుకున్నాడు. కాసేపటికి అన్నాడు, "అక్కా, అక్కడ కిటికీలు తెరవనివ్వరట. నేను అక్కడికి పోను."

"పోవు. నేను పంపను" అన్నాను.

అంతే. నా మాటంటే మాటే. గనివాళ్ళ సమ్మె ఏడాదిలో పోలీసు లాఠీకి నా మోచెయ్యి విరిగింది గానీ నేను రోడ్డు మీదనుంచి లేవలేదు. ఆశ్రమంవాళ్ళు నాకో లెక్కా?

మర్నాడు మధ్యాహ్నం పొయ్యి తలుపు ఊడదీసి వంటబల్ల మీద పాత దుప్పటి పరిచి పడుకోబెట్టాను. సామాన్ల కొట్టునుంచి కొత్త తాడు, మంటకి తాళే జిగురు, అద్దానికి వేసే చదునైన టేపు ముందే తెచ్చి ఉంచాను. పాత తాడు గోకి తీశాను. గాడిలో గట్టిపడ్డ జిగురుని ఇనప బ్రష్షుతో రుద్దాను. అద్దం పట్టీల మరలు తుప్పు పట్టి కదల్లేదు. నూనె పోసి, టీ తాగి వచ్చాక కదిలాయి.

ఎమ్లిన్ కోటు మీద దుప్పటి కప్పుకుని చూస్తున్నాడు. "మగాణ్ణి, ఇలా కూర్చుని నీ చేత చాకిరీ చేయిస్తున్నాను."

"సమ్మెలో మాత్రం నువ్వు చేసిందేముంది? కూర్చున్నావు."

"జైల్లో ఉన్నానే."

"నేనూ అదే అంటున్నాను."

వాడు నవ్వబోయి దగ్గాడు. నల్లగా ఉమ్మి, రుమాలు మడత పెట్టుకున్నాడు.

తాడు వేసేటప్పుడు లాగకూడదు. లాగితే సన్నబడి సందులొస్తాయి. గాడిలో జిగురు పోసి, తాడుని దాని బరువుకి అదే కూర్చునేలా వదలాలి. రెండు కొసలూ ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా ఎదురెదురుగా తాకాలి. అద్దం మరలు మరీ బిగిస్తే అద్దం పగులుతుంది. ఇదంతా నాకు మా ఆయన నేర్పాడు. ఓపిగ్గా చేశాను. తలుపు మళ్ళీ తగిలించి మూశాను. పిడి తిప్పితే మెత్తగా, బరువుగా పడింది.

తలుపు సరిగ్గా మూసుకుందో లేదో చూడ్డానికి మా దగ్గర ఒక పద్ధతి ఉంది. తలుపు సందులో కాగితం ముక్క పెట్టి మూసి, లాగి చూడాలి. జారిందంటే అక్కడ సందు ఉన్నట్టు. పైన పెట్టాను, రాలేదు. పక్కల పెట్టాను, రాలేదు. కింద మూల పెట్టి లాగాను.

కాగితాన్ని అటునుంచి ఏదో లాగింది.

వేళ్ళలోంచి సర్రున జారి లోపలికి పోయింది. పొయ్యిలో నిప్పు లేదు. గొట్టంలో గాలి పీల్చి ఉంటుందనుకున్నాను. తలుపు తెరిచి చూశాను. చల్లటి ఇనుము... బూడిద తట్ట... కాగితం లేదు.

ఎమ్లిన్‌కి చెప్పలేదు.

జిగురు ఆరడానికి కొన్ని గంటలు ఆగాలి. మా లోయలో చలికాలం మధ్యాహ్నం దాటితే ఇక చీకటే. కొండ నీడ ముందు చర్చి గోపురం మీద, తర్వాత మా కిటికీ మీద పడింది. నేను చిన్న మంట వేశాను. మొదటి మంట చిన్నదే వెయ్యాలి. కొత్త జిగురు కాలిన కంపు లేచింది. ఉల్లికాడల చారు వేడిచేసి తమ్ముడికి పట్టించాను. అలారం మీద సున్నా. పొగ లేదు. వాడి ముఖానికి రంగొచ్చింది.

"అక్కా, నువ్వు గెలిచావు" అన్నాడు.

ఆ తర్వాత వాసన మారింది. జిగురు వాసన పోయి, తడి రాయి వాసన... మూతపడ్డ చోట చాలాకాలం నిలిచిన నీళ్ళ వాసన... దాని వెనక దీపపు నూనె, మనుషుల చెమట. గనిలో దిగినవాళ్ళ బట్టలు ఉతికిన నాకు ఆ వాసన తెలియకపోవడమేమిటి?

అప్పుడు వినబడింది.

టక్. టక్. టక్.

పొయ్యి లోపలినుంచి.

ఇనుము వేడికి సాగుతోంది అనుకున్నాను. ఇనుము సాగితే చప్పుడు తోచినప్పుడు వస్తుంది. ఇది తోచినప్పుడు రాలేదు. మూడు కొట్టి ఆగింది. ఎవరైనా వింటున్నారా అని ఆగినట్టు ఆగింది. మళ్ళీ మూడు.

ఇక్కడ మా తాత గెథిన్ సంగతి చెప్పాలి. ఆయన రోజుల్లో మా కొండ కింద గనిలో నిప్పంటుకుంది. గాలి అందకపోతే నిప్పు చచ్చిపోతుంది, బొగ్గు మిగులుతుంది. అందుకని యజమానులు ఆ సొరంగం మొగకి ఇటుకగోడ కట్టించేశారు. గోడకి అవతల మనుషులున్నారు. మా తాత ఉన్నాడు. గోడ మీద సున్నం ఆరకముందే లోపలినుంచి కొట్టడం వినబడిందట. ఇవతల పోలీసులు నిలబడి ఎవరినీ గోడ ముట్టుకోనివ్వలేదు. మా నాయనమ్మ ఆ కొట్టడం ఆగిపోయేదాకా కొండ మీద కూర్చుంది.

అప్పటినుంచి మా గనివాళ్ళకి ఒకటే కట్టుబాటు. లోపలినుంచి ఎవరైనా కొడితే, విన్నవాడు అన్నే దెబ్బలు తిరిగి కొట్టాలి. విన్నాం, వస్తున్నాం అని దానర్థం. అలా జవాబు కొట్టినవాడు వెళ్ళి తీరాలి.

నేను ఈ ఆలోచనలో ఉండగానే ఎమ్లిన్ చెయ్యి దుప్పట్లోంచి బయటికొచ్చింది. పొయ్యి గుచ్చే ఇనప చువ్వ అందుకుంది. గొట్టం మీద కొట్టింది.

టక్. టక్. టక్.

"ఏం చేశావురా?"

వాడి కళ్ళు సగం నిద్రలో ఉన్నాయి. "ఎవరో కొట్టారక్కా. జవాబు ఇవ్వాలి కదా."

లోపల నిశ్శబ్దం.

తర్వాత... చాలా చేతులు. ఒక్కసారిగా. ఇనుము మీద, అద్దం మీద, గొట్టం పొడుగునా. ఆశపడ్డ చేతులు. మంట కుంచించుకుపోయి నీలంగా, గోరంత అయింది. కాలుతున్న ఆ అద్దం మీద లోపలివైపు ఆవిరి పట్టింది. పోయింది. మళ్ళీ పట్టింది. ఎవరో దాని మీద ఊపిరి విడుస్తున్నారు.

ఎమ్లిన్ ఊపిరి కూడా ఆ తాళంలోనే నడుస్తోంది. అద్దం మీద ఆవిరి పడితే వాడి రొమ్ము దిగుతోంది. ఆవిరి పోతే లేస్తోంది. పెదాలు నీలం తిరుగుతున్నాయి. అలారం మీద ఇంకా సున్నాయే.

"వస్తున్నారా..." ఎక్కడో లోతునుంచి, దుమ్ము పట్టిన గొంతు.

"వస్తున్నాం" అని గొణిగాడు వాడు. మంచం దిగాడు. మెట్లు ఎక్కలేనివాడు చక్కగా నిలబడి, తలుపు పిడి మీద చెయ్యి వెయ్యబోయాడు.

నేను మధ్యలోకి వెళ్ళాను. వాడి ఛాతీ మీద రెండు చేతులూ పెట్టి నెట్టాను. కాగితంలా ఉన్నాడు. కానీ వాడి వెనకనుంచి ఎవరో ఎందరో తోస్తున్నట్టు... నా కాళ్ళు జారుతున్నాయి. నా వీపు పొయ్యికి తగిలింది. ఉన్ని చొక్కా మాడిన వాసన.

"తప్పుకో అక్కా. లోపల మనవాళ్ళున్నారు."

"తెలుసు."

"గాలి అడుగుతున్నారు."

"ఎవరి గాలిరా? నీది."

వాడికి వినబడలేదు. నేను తల తిప్పి ఆ అద్దంతోనే మాట్లాడాను. భయం లేదని అబద్ధం చెప్పను.

"తాతా, విను. ఆ గోడ మేం కట్టలేదు. కట్టించినవాడు లోయ కింద పెద్ద బంగళాలో పరుపు మీద చచ్చాడు. వాడి తలుపు కొట్టు. వాడి మనవల తలుపులు కొట్టు. మా తలుపు కాదు. వీడు సగం ఊపిరి ఆ కొండకే పోశాడు. మిగిలింది వీడిది. నువ్వయినా సరే, నేనివ్వను."

చేతులు ఆగాయి. పిడి మాత్రం నెమ్మదిగా తిరగడం మొదలైంది... లోపలినుంచి.

"కొట్టాడు" అంది ఆ గొంతు. "మాట ఇచ్చాడు."

అది నిజం. మా వాళ్ళలో ఎవరూ ఆ మాట తప్పలేదు.

వాడి చేతిలోంచి చువ్వ లాక్కున్నాను. గొట్టం మీద కాదు, నేను కొత్త తాడు వేసిన ఆ తలుపు మీదే కొట్టాను. మూడు దెబ్బలు. అరచేతుల్లో ఎముకలు అదిరాయి.

"ఆ మాట నాది. వీడిది కాదు. నేను వస్తాను. పిలిచినప్పుడు కాదు, నాకు తోచినప్పుడు వస్తాను. అప్పుడు గోడ ఎలా పగలగొట్టాలో నేను చూసుకుంటాను. అందాకా ఈ తలుపు ముట్టుకోవద్దు."

పిడి సగంలో నిలిచిపోయింది. తర్వాత మెత్తగా, బరువుగా వెనక్కి పడింది. మంట ఎర్రగా లేచింది. ఎమ్లిన్ నా భుజం మీద తల వాల్చి పసివాడిలా నిద్రపోయాడు.

పొద్దున కెరిస్ వచ్చింది. అలారం చూసింది. తలుపు అంచు చూసింది. ఎమ్లిన్ వీపు మీద ఒక అరచెయ్యి ఆనించి, రెండో చేతి వేలితో దాని మీద తట్టి వింది. వాడి ఛాతీలో ఎంత గాలి ఆడుతోందో అలా చూస్తుంది.

"ఈ మధ్య ఇంత బాగా ఎప్పుడూ లేదు. ఎక్కడికీ పంపక్కర్లేదు పెద్దమ్మా. తలుపు ఎవరు చేశారు?"

"మా అక్క" అన్నాడు ఎమ్లిన్. "నేను కూర్చున్నాను."

ఆ పిల్ల నవ్వింది. తర్వాత నా ముఖం చూసి నవ్వు ఆపేసింది. "మీరు బాగా పాలిపోయారు. ఇటు తిరగండి, చూస్తాను."

"నేనెప్పుడూ గనిలో దిగలేదు. నా ఊపిరికేమైంది?"

"తిరగండి."

తిరిగాను. చల్లటి అరచెయ్యి వీపు మీద పడింది. వేలు తట్టింది, ఒక్కసారి. ఆ చెయ్యి అలాగే ఉండిపోయింది. మళ్ళీ తట్టింది, ఈసారి చాలా మెల్లగా.

"పెద్దమ్మా..." గొంతు తగ్గించింది. "మీరు కదిలారా?"

"లేదు" అన్నాను. చొక్కా సర్దుకున్నాను. "తమ్ముడి సంగతి రాసుకున్నావుగా? అది చాలు. టీ పెడతాను, ఉండు."

వంటింట్లోకి వెళ్ళి కెటిల్లో నీళ్ళు పట్టాను. కెరిస్‌కి నా వీపులోంచి జవాబుగా వచ్చిన ఒక్క దెబ్బే వినబడి ఉంటుంది. నాకు మాత్రం నా రొమ్ము లోపల అందరూ వినబడుతున్నారు. వాళ్ళు తలుపు తట్టడం లేదు... ఇటుకలు తీస్తున్నారు.