నాలుగు వేళ్ల ఖాళీ

నాకు అక్షరాలు వచ్చింది మనవలు బడికి వెళ్లాకే. ఒత్తులు తప్పితే సర్దుకుని చదవండి. చెయ్యి నెమ్మది, కథ మాత్రం ఆగదు.

"టార్గెట్, రేపు శాంతి ఒప్పందం మీద సంతకం పెట్టే పెద్దాయన," అన్నాడు గూఢచారి శాఖ చీఫ్. "విదేశీ ముఠా ఈ సాయంత్రం విందులోనే ఆయన్ని లేపేస్తుంది. షూటర్ మొహం తెలిసింది ఒక్క కోయిలకే."

కోయిల ఆ విందు జరిగే హోటల్లో పాటలు పాడే అందగత్తె. ముఠా జీతం తింటూ, వాళ్ల గుట్టు ఇటు చేరవేసే డబుల్ ఏజెంట్.

"షూటర్ పక్కన నిలబడి, కుడిచెయ్యెత్తి జుట్టు పిన్ను సర్దుకుంటుంది. అదే సిగ్నల్," అన్నాడు చీఫ్ ఎదురుగా నిలబడ్డ ఏజెంటు. "నేనే ఆలోచించాను సార్. ఎవరికీ అనుమానం రాదు."

ప్రతిదానికీ పాఠం చెబుతాడని కోయిల అతణ్ణి మాస్టారు అంటుంది. మేకప్ గదిలో అతను ఆమెకు బుల్లెట్‌ప్రూఫ్ వెస్ట్ తొడిగాడు. పైన గౌను వేసుకుని ఆమె మూతి ముడిచింది.

"గుమ్మడికాయలా ఉన్నాను మాస్టారూ! నా పాట ఇంకెవరు వింటారు?"

"పాట వినేది చెవులతోలే."

"ఈ గుడ్డ తూటాని ఆపుతుందా? నిజం చెప్పండి."

"ఒక్క పొరైతే ఆపదు. ఇది పొర మీద పొర. తూటా తగలగానే పోగులు వలలా బిగుస్తాయి. దాని ఊపంతా పక్కలకు పాకిపోతుంది. ముక్కు చదునై అక్కడే చిక్కుకుంటుంది."

"నొప్పో?"

"సుత్తి దెబ్బే. కమిలిపోతుంది, ఎముక కూడా విరగొచ్చు. ప్రాణం మాత్రం దక్కుతుంది. అదీ పిస్తోలుకే సుమా. రైఫిల్‌కైతే గట్టి పలక పెట్టాలి. నీ గౌనులో పట్టదు."

ఆమె చెయ్యెత్తి అద్దంలో చూసుకుంది. "చంక కింద ఖాళీ ఉందే?"

అతను కొలిచి చూశాడు. నాలుగు వేళ్లు పట్టింది. "అక్కడా మూసేస్తే చెయ్యి ఆడదు. ఎవరి వెస్టయినా అంతే."

"రేపు మా అమ్మ దగ్గరికెళ్తున్నా. ఇన్నాళ్లూ ఏం వెలగబెట్టావే అంటే?"

"పాటలు పాడానని చెప్పు."

"అమ్మయ్య, ఒక్క నిజమైనా దొరికింది!" అని నవ్వింది.

హాల్లో మాస్టారు వెయిటర్ వేషంలో ట్రే పట్టుకుని తిరుగుతున్నాడు. కోయిల పాడుతూ బల్లల మధ్యకు నడిచింది. ఫొటోగ్రాఫర్ పక్కన ఆగింది. కుడిచెయ్యి పైకి లేచింది.

మాస్టారు ట్రే వదిలేసి దూకాడు. ఫొటోగ్రాఫర్‌కి విషయం అర్థమైంది. పెద్దాయన వైపున్న, లోపల పిస్తోలు దాచిన కెమెరా కోయిల వైపు తిరిగింది. దగ్గినంత చప్పుడు. రెండో తూటా పెద్దాయన కోసం బయలుదేరేలోగా మాస్టారు వాడి మీద పడ్డాడు. అది సీలింగులో దిగింది. పెద్దాయన చొక్కా మీద సూప్ ఒలికింది, అంతే.

"శభాష్!" అంది చెవిలోని రేడియో.

మాస్టారు కోయిల పక్కన కూలబడ్డాడు. వెస్ట్ ముందు తడిమాడు, వెనక తడిమాడు. గీత కూడా లేదు. చంక కిందికి పోయిన నాలుగు వేళ్లూ తడిశాయి.

"సుత్తి దెబ్బన్నారు కదా మాస్టారూ... ఇది అలా లేదే," అంది. నవ్వబోయింది, ఊపిరి ఆగిపోయింది.

ఆ సిగ్నల్ ఆలోచించింది మాస్టారే. ఖాళీ కొలిచిందీ తనే. సిగ్నల్‌కి లేచేదీ, ఆ ఖాళీని తెరిచేదీ ఒకే చెయ్యి అని అద్దం ముందు తట్టనే లేదు.

మర్నాడు సంతకాలు జరిగాయి. మాస్టారు వెస్ట్‌ని స్టోర్‌లో అప్పగించాడు. స్టోర్‌కీపర్ తిరగేసి చూశాడు.

"తూటా తగిలిందైతే పారెయ్యాలి సార్, మళ్లీ పనికిరాదు. ఇది బంగారంలా ఉంది. కవరుకి మరకుంది, ఉతికితే పోతుంది. ఎవరికివ్వమంటారు?"

మాస్టారు తలుపు దాకా వెళ్లి ఆగాడు.

"చెయ్యెత్తే పని లేనివాళ్లకివ్వు."

— టైలరు గారి భార్య, అరవై ఎనిమిదేళ్లు, ఇప్పుడు ఉండేది చిన్న కూతురింటి మేడగదిలో.